శబరి మట్టం చదవని నాలుగు వేలమంది

శబరి నది ఒడ్డునున్న కొంటాలో, బస్టాండుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల భానుశ్రీకి ఒక చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. ఆధార్ సవరణలు, కుల ధ్రువపత్రాల దరఖాస్తులు, స్కాలర్‌షిప్ ఫారాలు, ఫోటోస్టాట్. వచ్చినవాళ్ళలో సగంమంది తమ పని చెప్పకముందే ఇంకేదో అడిగేవారు. "భద్రాచలం బండి పోయిందా?" "సుక్మా దవాఖానల కంటి డాక్టర్ ఏ రోజు ఒస్తడు?" "శబరి ఎంతుంది, చట్టి దారి నడుస్తుందా?"

రోజుకు నలభైసార్లు ఒకే జవాబు చెప్పీ చెప్పీ విసిగి, నాలుగేళ్ళ కిందట ఆమె ఒక వెబ్‌సైటు మొదలుపెట్టింది. పేరు 'కొంటా కబుర్లు'. బస్సుల వేళలు, డాక్టర్లు వచ్చే రోజులు, సంతలో చింతపండు ధర, ఎవరైనా పోతే ఆ కబురు. అన్నీ తెలుగులోనూ హిందీలోనూ. వానాకాలంలో మాత్రం అన్నిటికన్నా పైన ఒకటే వరస ఉండేది: ఈ పొద్దున వంతెన దగ్గర నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, చట్టి దాకా దారి తెరిచి ఉందా లేదా. దానికోసం ఆమె రోజూ ఆరింటికే వంతెన దాకా నడిచివెళ్ళి, స్తంభం మీది అంకె చూసి వచ్చేది.

"గ్రూపుల పెట్టొచ్చు గద, ఇదంతా ఎందుకు?" అని అడిగినవాళ్ళున్నారు. గ్రూపులో పొద్దున పెట్టిన మాట పదింటికల్లా గుడ్ మార్నింగ్ పువ్వుల కింద కూరుకుపోయేది. వెబ్‌సైటులో పైన పెట్టింది పైనే ఉంటుంది.

రోజుకు నూట ఇరవైమంది చూసేవారు. అందులో చాలామంది ఆమెకు ముఖాలతో సహా తెలుసు. చట్టి మీదుగా భద్రాచలం దాకా జీపు నడిపే మంగల్ ప్రతి ఉదయం బండి తీసేముందు ఆ పేజీ తెరిచి, ఎక్కినవాళ్ళందరికీ వినపడేలా పైవరస చదివేవాడు. అది ఆమెకు తన కొట్లో కూర్చుంటే వినిపించేది.

నాలుగేళ్ళయినా ఆ నూట ఇరవై నూట ఇరవైగానే ఉంది. అది చిన్న అంకె అని ఆమెకు తోచింది మాత్రం ఈ మే నెలలోనే, బచేలీలో పిన్నివాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినప్పుడు. బాబాయి గనిలో మెకానిక్. వాళ్ళబ్బాయి వికాస్ కొత్త ఫోన్ల గురించి ఒక బ్లాగు రాస్తాడు. భోజనాలయ్యాక వాడు ఆమె పక్కన చేరాడు.

"నీ సైటుకి ఎంతమంది వస్తారక్కా?"

"నూట ఇరవై."

"గంటకా?"

"రోజుకు."

"ఓహో. బానే ఉందిలే, లోకల్ కదా," అన్నాడు వాడు మర్యాదగా. ఆ మర్యాదే ఆమెను గుచ్చింది. వాడు తన ఫోన్ తిప్పి చూపించాడు. పచ్చటి పటం మీద చుక్కలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. ఆరు వేల మూడు వందల పన్నెండు. ఆమె చూస్తుండగానే అది ఆరు వేల మూడు వందల పదిహేడైంది.

"ఏంది ఇదంతా?"

"ఒక టూలుందక్కా. మనం రాసింది ఎవరికి కావాలో వాళ్ళని వెతికి తెచ్చేది. నీకున్న విషయానికి ఇది తగిలిస్తే నువ్వెక్కడో ఉంటావు. ఒక్క నెల వాడి చూడు, నచ్చకపోతే ఆపేయ్. నేనే పెట్టిస్తా."

ఆ టూలు పేరులో రాకెట్ అనే మాట ఉంది. భానుశ్రీ ఆ సాయంత్రమే చేరింది.

మొదటి రోజు మూడు వందలు. రెండో రోజు తొమ్మిది వందలు. వారం తిరిగేసరికి రెండు వేలు దాటింది. కొట్లో ఎవరికో ఫారం నింపుతూ నింపుతూ ఆమె ఫోన్ వంక చూసేది. అంకె పెరిగి ఉంటే ఇంకొంచెం పెరిగాక చూద్దామనుకునేది, నిమిషం తిరక్కముందే చూసేది. పెరగకపోతే పేజీని కిందికి లాగి వదిలేది. తండ్రి పేరు రాయాల్సిన చోట ఊరి పేరు రాసి రెండుసార్లు ఫారాలు చించింది.

టూలు ఆమె రాసిన ప్రతిదానికీ మార్కులు వేసేది. 'ఈరోజు శబరి నీటి మట్టం' అన్న దానికి నూటికి పదకొండు, ఎర్ర రంగులో. దాని పక్కనే ఒక సలహా: బస్తర్‌లో తప్పక చూడాల్సిన పది జలపాతాలు. భానుశ్రీ ఆ పదింటిలో చూసింది రెండే. అయినా రాసింది. ఎనభై ఎనిమిది, ఆకుపచ్చ. ఆ తరవాత పది వంటలు, పది పండుగలు, పది రహస్యాలు. ఒక్కొక్కటి రాయడానికి రెండు గంటలు పట్టేది. జూన్ చివరికి, పైన ఉండాల్సిన నీటి వరస ఆ జలపాతాల ఫోటోల కిందికి జరిగింది. బస్సుల వేళలు మారాయని డిపోవాళ్ళు కాగితం ఇచ్చి వారమైంది. అది బల్ల మీదే ఉంది.

మంగల్ ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి అన్నాడు, "మేడం, నీ పేజీ మస్తు లేటు ఒస్తంది. గుండ్రంగ తిరుగుతనే ఉంటది."

"జనం పెరిగిండ్రన్నా. గందుకే."

"అట్లనా? మంచిదే," అని అతను వెళ్ళిపోయాడు.

ఆమె భర్త ఉపేంద్ర భేజ్జి ఆశ్రమశాలలో మాస్టరు. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్తాడు. జూలై మొదటి ఆదివారం, ఇద్దరూ అన్నం తింటూ ఉన్నారు.

"జ్వరమొచ్చిందా నీకు?" అన్నాడతను.

"లేదే. ఏం?"

"ఇందాకటి సంది కాలు ఆడిస్తనే ఉన్నవ్. పప్పుల ఉప్పెయ్యలే, నీకే తెలుస్తలేదు."

"నాలుగు వేలు దాటింది," అంది ఆమె ఆపుకోలేక.

"ఏంది, నాలుగు వేలు?"

"సదివేటోళ్ళు. రోజుకు."

"అబ్బో. ఏమంటుండ్రు వాళ్ళు?"

నూట ఇరవైమంది ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవారు. ఏడింటి బస్సు ఏడున్నరకు మారింది, దిద్దండి అనేవారు. మా ఊరి పేరు తప్పు రాశారు అనేవారు. ఇప్పుడు ప్రతిదాని కిందా ముప్పై నలభై మాటలు ఉంటున్నాయి. అన్నీ ఒకటే మాట: చాలా మంచి చిట్కాలు, ధన్యవాదాలు. బస్టాండులో టీ అమ్మే లక్మా పోయిన నెలలో చనిపోతే ఆమె కబురు పెట్టింది. దాని కింద కూడా చాలా మంచి చిట్కాలు, ధన్యవాదాలు అని పదిహేడుమంది రాశారు. ఆవేళ ఆమె అవి మాత్రం తుడిచేసింది. మిగతావి ఉంచుకుంది.

"మంచిగుందంటుండ్రు," అని చెప్పి చెయ్యి కడుక్కుంది.

రెండో వారంలో వాన పట్టుకుంది. పైన ఒడిశా కొండల్లో కురిసిందంతా శబరిలోకి దిగుతోంది. కింద గోదావరి నిండి శబరిని వెనక్కి ఎగదన్నుతోంది. మంగళవారం పొద్దున నీళ్ళు ఇంకా దూరంలోనే ఉన్నాయి. 'చట్టి దారి తెరిచి ఉంది' అని పెట్టింది. బుధవారం ఆరింటికి గొడుగు పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్ళేసరికి స్తంభం మీద నిన్నటి అంకె కనపడలేదు. దానిపైది కూడా మునిగి ఉంది. నీళ్ళు ఎర్రగా, చప్పుడు లేకుండా ఉబ్బుతున్నాయి. నాలుగేళ్ళుగా చూస్తోంది కాబట్టి ఆమెకు తెలుసు, ఇలా చప్పుడు లేకుండా పెరిగితే మధ్యాహ్నానికి చట్టి వైపు పల్లపు రోడ్డు పోతుంది.

కొట్టుకు వచ్చి, తడి చేతులతోనే రాసింది. 'ఈరోజు చట్టి వైపు ఎవరూ వెళ్ళొద్దు. మధ్యాహ్నం లోపలే దారి మునగవచ్చు.' నొక్కింది. బూడిదరంగు తెర వచ్చింది. మీ ఖాతా నిలిపివేయబడినది. పరిమితికి మించిన రద్దీ.

మళ్ళీ నొక్కింది. అదే. సైటుకు చోటు అద్దెకిచ్చే కంపెనీవాళ్ళ సహాయ పేజీ తెరిచింది. దయచేసి వేచి ఉండండి, మీ ముందు పదకొండుమంది ఉన్నారు. అప్పుడు ఆరూ నలభై. పదిమంది. తొమ్మిదిమంది. ఆమె టూలు పేజీ తెరిచి చూసింది. గడిచిన ఇరవైనాలుగు గంటల లెక్క చూపే ఆ నాలుగు వేల అంకె గబగబా పడిపోతోంది. మూడు వేల ఎనిమిది వందలు. మూడు వేల ఐదు వందలు. నెలన్నరగా ఒక్కొక్కటిగా పోగుచేసుకున్నది కళ్ళముందే కారిపోతోంది. ఎనిమిదిమంది. ఏడుగురు. ఒక్కసారి కూడా చూపెత్తకుండా ఆమె అక్కడే కూర్చుంది.

ఎదురుగా జీపు హారన్ మోగింది. ఆమె విన్నది. అది మంగల్ హారనని కూడా తెలుసు.

ఏడున్నరకు అటువైపు ఎవరో మనిషి పలికాడు. ఇరవైనాలుగు గంటల తరవాతే తెరుస్తామన్నాడు. అప్పుడు ఆమె తలెత్తి చూసింది. వానలో బస్టాండు కనపడుతోంది. జీపు ఉండే చోట నూనె మరక మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి.

పరుగెత్తింది. టికెట్లు కోసే మనిషి, "ఏడుంబావుకే పోయిండు మేడం," అన్నాడు. "తొమ్మిదిమంది ఎక్కిండ్రు. పొజ్జే అవ్వ, ఆమె బిడ్డ ఊర్మిల కూడ. అవ్వకు ఇయ్యాల భద్రాచలంల కంటి ఆపరేషన్."

"నీళ్ళు పెరుగుతున్నయని ఎవరు చెప్పలేదా?"

"మంగల్ పేజీ సదివిండు గద. దారి తెరిచి ఉంది అని."

టికెట్ల మనిషి ఫోన్‌లో కూడా నిన్నటి పేజీయే నిలిచిపోయి ఉంది. భానుశ్రీ మంగల్‌కు ఫోన్ చేసింది. కలవలేదు. పదిసార్లు చేసింది. కొట్టు తెరిచిపెట్టి, గొడుగు మరిచిపోయి, చట్టి రోడ్డు వెంట నడిచింది. రెండు కిలోమీటర్ల తరవాత రోడ్డు నీళ్ళలోకి దిగి మాయమైంది. అవతల చెట్ల కొసలు తప్ప ఏమీ లేదు. అడ్డంగా తాడు కడుతున్న జవాను, "పీఛే జాయియే, మేడం," అని వెనక్కి చెయ్యి చూపించాడు. జీపు ఒకటి పోయిందా అని అడిగింది. గంట ముందు పోయిందన్నాడు.

పదకొండు గంటలకు మంగల్ ఫోన్ కలిసింది, ముక్కలు ముక్కలుగా. "ముంగట నీళ్ళొచ్చినయ్. ఎనకకు తిప్పేసరికి ఎనక కూడ ఒచ్చినయ్. బడిల ఉన్నం. గట్టు మీదుంది బడి. పానాలకేం లేదు." తెగిపోయింది.

పానాలకేం లేదన్న మాట విన్నాక కూడా ఆమె కాళ్ళు నిలవలేదు. ఆ రోజూ మరునాడూ గంటకొకసారి నీళ్ళ అంచుకు వెళ్ళి చూసి వచ్చింది. కొట్లో కూర్చున్నా లేచేది, ఫోటోస్టాట్ మిషన్ ఆపి మళ్ళీ పెట్టేది. గురువారం మధ్యాహ్నం సైటు తెరిచారు. కంపెనీ మనిషి హిందీలో ఓపికగా చెప్పాడు. "మేడం, మీకు వచ్చేవి మనుషులు కావు. మూడు చోట్ల ఉన్న మిషన్లు. ఒక్కోటీ క్షణంలో తెరిచి మూస్తుంది. కామెంట్లు పెట్టేవీ అవే. నిజం మనుషుల లెక్క వేరే తీసి పంపుతున్నా, చూడండి."

చూసింది. మంగళవారం వచ్చిన నిజం మనుషులు డెబ్భై ఒక్కమంది. మే నెలలో నూట ఇరవైమంది ఉండేవారు. పేజీ తెరుచుకోక, తెరుచుకున్నా జలపాతాల కింద నీటి వరస దొరక్క, మిగతావాళ్ళు రావడం మానేశారు. నాలుగు వేలమందిలో ఒక్కరు కూడా శబరి మట్టం వరస దాకా వెళ్ళలేదు.

వికాస్‌కు ఫోన్ చేసింది.

"నీకు తెలుసారా?"

"మార్చిలో తెలిసిందక్కా. ఒక పోటీ పెట్టాను, ఫోన్ కవరు బహుమతి. ఆరు వేలమందిలో ఒక్కడు రాలేదు. అమ్మ పేరుతో నేనే ఒక జవాబు రాసుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పినవ్?"

"ఒకళ్ళని చేర్పిస్తే నాకు ఒక నెల ఉచితం."

"వికాస్!"

"ఆపలేకపోతున్నానక్కా. ఆపితే ఆ అంకె పడిపోతుంది. అది పడిపోవడం చూడలేను. పొద్దున్నే లేచి చూస్తే ఎవరో వచ్చినట్టుంటుంది. ఎవరూ రాలేదని తెలిసినా సరే."

తిట్టడానికి చేసిన ఫోన్. కానీ తను కూడా ఆ బుధవారం ఏం చూస్తూ కూర్చుందో ఆమెకు గుర్తుంది. "ఆపెయ్ రా," అని మాత్రం అని పెట్టేసింది. టూలు తీసేసింది. ఇక మిగిలిన అంకె డెబ్భై ఒకటి. జలపాతాలను తీసి నీటి వరసను పైకి తెచ్చింది. బల్ల మీది డిపో కాగితం వెతికి బస్సుల వేళలు దిద్దింది.

శుక్రవారం పొద్దెక్కాక నీళ్ళు తీశాయి. జీపు బురదతో వచ్చి బస్టాండులో ఆగింది. దిగినవాళ్ళ బట్టలు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. పొజ్జే అవ్వను ఊర్మిల చెయ్యి పట్టుకుని దించింది. అవ్వ కుడికన్ను తెల్లగా పొరకట్టి ఉంది.

మంగల్ భానుశ్రీని చూసి నవ్వబోయాడు. "ఏం జేస్తవ్ మేడం, నెట్‌వర్క్ పాడుగాను. ఆ పొద్దు నీ పేజీ కొత్తది రాలే. పాతదే సదివిన."

అక్కడితో ఊరుకోవచ్చు. నెట్‌వర్క్ మీద ఎవరికీ అనుమానం రాదు. ఆమె ఊరుకోవాలనే అనుకుంది, ఒక్క క్షణం.

"నెట్‌వర్క్ కాదన్నా. నాదే తప్పు," అంది. చెప్పింది. టూలు గురించి, మిషన్ల గురించి, పేజీ మూసేయడం గురించి. "నీ హారన్ వినపడ్డది నాకు. రోడ్డు దాటి ఒచ్చి చెప్తే అయిపోయేది. అంకె పడిపోతుంటే చూసుకుంట కూసున్న."

మంగల్ నవ్వు పోయింది. "సదివేటోళ్ళు మనుషులే కారా?"

"కారు."

"మరి ఎందుకు పిలిసినవ్ వాళ్ళను?"

అతను జీపు చక్రం మీది బురద కాలితో గీకాడు. "తొమ్మిదిమంది, మేడం. బడిల రెండు రోజులు మక్కలు కాల్చుకొని తిన్నం. ఊర్మిల ఏడ్సింది. నీ పేజీ మీద నాకు మస్తు నమ్మకం. ఎక్కినోళ్ళు కూడ నన్ను నమ్మి ఎక్కుతరు." గొంతు పెంచలేదు. అందుకే ఆమె తల ఎత్తలేకపోయింది.

"అవ్వకు ఆపరేషన్ తారీఖు పోయింది," అంది ఊర్మిల. "మళ్ళ ఎప్పుడిస్తరో."

"రేపు నేనొస్త మీతోటి," అంది భానుశ్రీ.

శనివారం కొట్టు మూసి, మంగల్ జీపులోనే వాళ్ళతో భద్రాచలం వెళ్ళింది. మంగల్ పేజీ తెరవలేదు. బండి తీసేముందు వంతెన దాకా తనే వెళ్ళి చూసి వచ్చాడు. భానుశ్రీకి అది తగిలింది, కానీ ఏమీ అనలేదు. కంటి ఆసుపత్రిలో కౌంటర్ దగ్గరి అమ్మాయి రిజిస్టరు చూసి, రాని పేషెంట్లకు దసరా తరవాతే అంది. వరదలో చిక్కుకున్నారని భానుశ్రీ చెప్పింది. అందరూ అదే చెబుతారంది ఆ అమ్మాయి. భానుశ్రీ కదలలేదు. వెనక వరసలోవాళ్ళు విసుక్కున్నా నిలబడి, డాక్టరు బయటికి వచ్చేదాకా ఉండి, ఆయన వెంట మెట్లు ఎక్కి దిగి, మంగల్ తీసిన, నీళ్ళ మధ్య ఉన్న బడి ఫోటో చూపించి, పదకొండు గంటలకు మొదలుపెట్టి మూడింటికి ఒక తారీఖు సంపాదించింది. వచ్చే నెల తొమ్మిది.

తిరుగు దారిలో వాన మళ్ళీ పట్టింది. భానుశ్రీ ఫోన్ తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. ఈరోజు సాయంత్రపు నీళ్ళు ఇంకా చూడలేదన్నది ఒక్కటే ఇప్పుడు తొలుస్తోంది. పక్కన కూర్చున్న పొజ్జే అవ్వ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"కాలు ఆపు బిడ్డా. ఏంది దాంట్ల?"

"నీళ్ళు ఎంత ఒచ్చినయో రాస్త అవ్వా. అందరు సూస్తరు."

"ఏం నీళ్ళు?"

"శబరి నీళ్ళు."

"మా వాగు రాస్తవా?"

"మీ వాగా?"

"మా ఊరికి రోడ్డుకు నడుమ ఉంటది. శబరి రోడ్డు మీదికి ఎప్పుడో ఒకసారి ఒస్తది. మా వాగు వానకొకసారి ఒస్తది. ఇవతల సిక్కినోళ్ళు ఇవతలనే. మొన్న అది దాటనీకే తెల్లారకముందే లేసి ఒచ్చినం."

నాలుగేళ్ళలో ఆ వాగు పేరు తను ఎక్కడా రాయలేదని భానుశ్రీకి తట్టింది. అవ్వకు చదువు రాదు, ఫోన్ లేదు. నూట ఇరవైలోనూ ఆమె లేదు, డెబ్భై ఒకటిలోనూ లేదు.

"అది ఒచ్చేది మీకెట్ల తెలుస్తది అవ్వా?"

"నడిమిట్ల ఒక నల్లరాయి ఉంటది, బర్రె పండుకున్నట్టు. దాని ఈపు మునిగితే దిగొద్దు."

"ఈపు మునిగినంక దారి పోవటానికి ఎంతసేపు?"

అవ్వ వేళ్ళు మడిచి ఆలోచించింది. "పొయ్యి మీద ఎసరు పెడితే అన్నం ఉడికేటంత సేపు. గంతే."

"ఊర్మిలా, ఆ రాయి మీ ఇంటికాడికెల్లి కనపడతదా?" అంది భానుశ్రీ.

"మా చేను కాడికెల్లి కనపడతది," అంది ఊర్మిల. "నాకు ఫోనుంది. కాని సిగ్నల్ చేను గట్టు మీదనే."

"గట్టు ఎక్కి ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి చాలు. నేను బస్టాండుల చెప్పి, అటెనక పేజీల పెడత."

ముందు సీటులోంచి మంగల్ అద్దంలో ఇటు చూశాడు. "అన్నం అంటే ఏ అన్నం? కొత్త బియ్యమా, పాత బియ్యమా?"

"పాత బియ్యం," అంది అవ్వ చిరాగ్గా. "వానకాలంల కొత్త బియ్యం ఏడియి?"

భానుశ్రీ అలాగే టైపు చేసుకుంది.